వర్చువల్ మెషిన్‌లో స్టాప్ 7బి: నా అనుభవం

పాత విండోస్ 7 కంప్యూటర్‌ని వర్చువల్ మెషిన్‌గా (ఇంకో కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్‌గా) మార్చాను. ఆన్ చేస్తే లోగో కనబడి, వెంటనే బ్లూ స్క్రీన్: స్టాప్ 7బి, అంటే విండోస్‌కి తన బూట్ డిస్క్ అందట్లేదని. కాపీయే పాడైందనుకుని మొత్తం మళ్లీ కన్వర్ట్ చేశాను. ఒక పూట దండగ. లోగో దాకా వచ్చిందంటే బూట్‌లోడర్ (విండోస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) బాగానే ఉన్నట్టు, అది అప్పుడే తట్టాల్సింది.

అసలు సంగతి డ్రైవర్‌ది. పాత మెషిన్‌లో డిస్క్ రెయిడ్ మోడ్‌లో ఉండేది, ఇక్కడ ఏహెచ్‌సీఐ (రెండూ డిస్క్‌తో మాట్లాడే పద్ధతులు, వేటి డ్రైవర్ వాటిదే). ఏహెచ్‌సీఐ డ్రైవర్ విండోస్‌లో ఉంది కానీ బూట్ సమయంలో లోడ్ కావట్లేదు. ఇన్‌స్టాల్ డిస్క్‌తో బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే వచ్చిన కమాండ్ ప్రాంప్ట్‌లో రెజెడిట్ (విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీని మార్చే టూల్) తెరిచాను. సిస్టమ్32లోని కాన్ఫిగ్ ఫోల్డర్ నుంచి సిస్టమ్ హైవ్ (రిజిస్ట్రీలో ఒక భాగం ఉండే ఫైల్) లోడ్ చేశాను (డిస్క్‌ది కాదు, పాత విండోస్‌ది!). కంట్రోల్‌సెట్001, సర్వీసెస్ కింద ఎంఎస్ఏహెచ్‌సీఐలో (అదే ఆ డ్రైవర్) స్టార్ట్ విలువ 3 ఉంది. దాన్ని 0 (బూట్‌లోనే లోడ్ అవ్వమని) చేసి, హైవ్ అన్‌లోడ్ చేసి రీస్టార్ట్ చేస్తే లాగిన్ స్క్రీన్ వచ్చేసింది.