విశాఖలో రెస్టారెంట్, బార్ పెడుతున్నారా? పని వంటింటి నుంచి మొదలెట్టండి

షాపు చూసుకోగానే చాలామంది ముందు త్రీడీ బొమ్మ గీయిస్తారు. గోడ రంగు, వేలాడే లైట్లు, ఫొటోలు దిగే మూల. నేను కిచెన్లు, బార్ కౌంటర్లు బిగించే పని చేస్తాను. ఎంవీపీ కాలనీ అయినా, రుషికొండ అయినా నేను చెప్పేది ఒకటే: అడ్వాన్సు ఇవ్వకముందే పొగ ఎటు పోతుందో, నీళ్లు ఎటు పోతాయో చూడండి. మిగతావన్నీ తర్వాతైనా మార్చుకోవచ్చు.

ముందు పొగ సంగతి. పొగని బయటికి పంపే గొట్టం, అంటే డక్టు, మేడ పైదాకా వెళ్లాలి. దాన్ని వెనక గోడకి బిగించుకోవచ్చని ఓనరు చేత అగ్రిమెంటులోనే రాయించుకోండి. పై అంతస్తులో కాపురాలుంటే నోటిమాట అస్సలు పనికిరాదు. పొయ్యిల పైన పొగని పట్టే హుడ్డు, పొయ్యిల వరస కంటే అన్ని వైపులా ఆరంగుళాలు బయటికి రావాలి. బొగ్గు తందూరుకి వేరే డక్టు వెయ్యండి. జిడ్డు పట్టిన డక్టులోకి నిప్పురవ్వలు పోతే అంటుకుంటుంది. ఎగ్జాస్టు ఫ్యాను బయటికి లాగే గాలిలో సుమారు 80 శాతాన్ని బయటి నుంచి మరో ఫ్యానుతో వంటింట్లోకి ఇవ్వాలి. అది లేకపోతే హాల్లో ఏసీ చల్లదనమంతా పొయ్యి మీదుగా బయటికి పోతుంది. అంతా బిగించాక ప్లేట్లు అందించే కిటికీ దగ్గర ఒక టిష్యూ కాగితం వేలాడదీయండి. అది మెల్లగా వంటింటి వైపు ఒరగాలి. హాలు వైపు ఒరిగిందంటే వంజరం వేపుడు వాసన గెస్టుల బట్టలకి పట్టినట్టే.

వంటింటి గచ్చు వాలు పది అడుగులకి అంగుళం పైచిలుకు ఉండాలి. టైల్స్ వేసే ముందే బకెట్ నీళ్లు పోసి చూడండి, ఏ మూలా నిలవకూడదు. సింకు నీళ్లలోని జిడ్డుని పట్టే గ్రీజు ట్రాపు, మనిషి కూర్చుని మూత తీసి కడగగలిగే చోట ఉండాలి. సింకు కింద ఇరికిస్తే దాన్ని ఎవరూ తెరవరు.

ఇక మన ఊరి ఉప్పుగాలి. మామూలు ఇనుప ఫ్రేములు బీచ్ రోడ్డులో తొందరగా తుప్పు పడతాయి. కిచెన్ బల్లలకి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలు. సముద్రానికి ఎదురుగా బయట పెట్టే రెయిలింగులు, బోల్టులకి 316 రకం తీసుకోండి. అందులో కలిసే మాలిబ్డినం ఉప్పుకి తట్టుకుంటుంది. 304 అని చెప్పి చవక రకం 202 అంటగట్టేవాళ్లున్నారు. అయస్కాంతంతో తేలదు, మామూలుగా రెండింటికీ అంటదు. స్టీలు కొట్లలో టెస్టింగ్ మందు దొరుకుతుంది. చుక్క వేసి చిన్న బ్యాటరీ తాకిస్తే 202 మీద చుక్క ఎర్రబడుతుంది. సరుకు దించేటప్పుడే, మీ కళ్లముందే చేయించండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు సముద్రం వైపు కాకుండా బిల్డింగు వెనక పెట్టించండి. షాపు ముందు వైపు అద్దాలు టఫెన్డ్‌వే, అంటే గట్టిపరిచినవే, వెయ్యండి, బోర్డుని గోడలోపలిదాకా బోల్టులతో బిగించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊళ్లో అద్దాలని, బోర్డులని ఏం చేసిందో చూసినవాళ్లెవరూ ఈ ఖర్చు దగ్గర బేరమాడరు.

బార్ కౌంటరు ఎత్తు 42 అంగుళాలు, స్టూలు 30. ఆ తేడా పన్నెండు అంగుళాలు ఉంటేనే మోకాళ్లు కిందికి సరిగ్గా పడతాయి. కౌంటరుకీ వెనక అరలకీ మధ్య మూడడుగులు వదలండి, ఇద్దరు ఒకరినొకరు తప్పుకుని తిరగాలి. ఐసు పెట్టె, చేతుల సింకు, చెత్తబుట్ట మూడూ బార్‌టెండర్ ఒక్క అడుగు వేస్తే అందుకునేలా ఉండాలి. వాటి కింద డ్రెయిన్ పైపు ముందే వేయించండి. చాలా డ్రాయింగుల్లో అసలు కనబడనిది ఆ పైపే.

కాగితాల పని సివిల్ పనితో పాటే నడవాలి. జీవీఎంసీ (నగర కార్పొరేషన్) ట్రేడ్ లైసెన్సు, ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ లైసెన్సు, ఫైర్ వాళ్ల అనుమతి, బార్ అయితే ఎక్సైజ్ లైసెన్సు. కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌లో త్రీఫేజ్ లోడు ముందే లెక్కగట్టి అప్లై చెయ్యండి. ఏసీలు, డీప్ ఫ్రీజర్లు, ఎగ్జాస్టు మోటార్లు అన్నీ ఒకేసారి తిరిగే రాత్రి పూట లెక్క అది.

రంగులు వేసేముందు ఒక సాయంత్రం ఎగ్జాస్టు, బయటిగాలి ఫ్యాన్లు తిప్పి, అన్ని పొయ్యిలూ వెలిగించి, అన్ని కుళాయిలూ తిప్పి, తలుపులు మూసి గంటసేపు లోపలే ఉండండి. కారేది, పొగచూరేది, కమురు కంపు కొట్టేది అప్పుడే రాసుకుని, ఆ చీటీ మేస్త్రీకి ఇచ్చి సరిచేయించాకే పెయింటర్ని పిలవండి.