భువనగిరి గుట్ట ఎక్కడం ఎలా?

పాత నల్లగొండ జిల్లాలో గుట్టలకు కొదవ లేదు. కానీ ఒక్క బండే గుట్టంత ఎత్తు లేచి, నెత్తిన కోటను మోస్తున్న దృశ్యం చూడాలంటే భువనగిరికే వెళ్లాలి. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల లోపే. ఉప్పల్‌లో యాదగిరిగుట్ట బస్సు ఎక్కి భువనగిరిలో దిగొచ్చు, లేదా సికింద్రాబాద్ నుంచి ఖాజీపేట వైపు వెళ్లే ప్యాసింజర్ రైలు పట్టుకోవచ్చు.

ముందు కాలం చూసుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు. పైన నీడ తక్కువ, బండ సాయంత్రం దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. వాన పడితే ఆ రోజుకు మానుకోండి, తడిసిన బండ మీద కాలు నిలవదు. గేటు ఎన్ని గంటలకు తెరుస్తారో ముందే కనుక్కుని, తెరవగానే లోపలికి వెళ్లడం మంచిది.

పట్టున్న బూట్లు వేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కింద నుంచే తీసుకెళ్లాలి.

ఎక్కేముందు ఊళ్లో కాసేపు తిరిగి, బండను నాలుగు వైపుల నుంచీ చూడండి. ఒక వైపు నుంచి గుడ్డులా, మరో వైపు నుంచి తాబేలులా కనిపిస్తుంది. దాని ఎత్తు సుమారు 500 అడుగులు. మన తెలంగాణ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో గట్టిపడిన ఈ రాయి, పైనున్న మట్టీ రాళ్లూ అరిగిపోయి బరువు తగ్గేసరికి ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విడుతుంది. అందుకే ఇంత నున్నగా, గుండ్రంగా ఉంది. దారిలో ఆ పొరల అంచులు కనిపిస్తాయి, ఆగి చూడండి.

ఇక ఎక్కడం. మెట్లు చాలాచోట్ల బండలోనే చెక్కారు, కొన్ని ఎత్తు, కొన్ని పొట్టి. తొందరపడకుండా ద్వారం ద్వారం దగ్గర ఆగుతూ వెళ్లండి. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఇది త్రిభువనగిరి అయింది. తర్వాత కాకతీయులు ఏలారు, 1708లో మొఘలుల మీద తిరగబడ్డ సర్వాయి పాపన్న దాడి చేశాడు. ఈ నిటారు బండను చూస్తే శత్రువుకు ఎంత కష్టమో మీ మోకాళ్లకే తెలుస్తుంది!

పైన బురుజులు, రాజమందిరం, వాననీరు నిలిచే గుంటలు ఉన్నాయి. గుంటల్లోకి దిగొద్దు. ఫొటో కోసం బండ వాలు మీదికి అసలే పోవద్దు, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రాతి మీద పేర్లు చెక్కిన వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, దయచేసి ఆ పని చేయకండి.

దిగేటప్పుడు పాదం అడ్డంగా పెట్టి, నెమ్మదిగా. తాళ్లతో బండలెక్కడం నేర్చుకోవాలనుకుంటే ఇక్కడి శిక్షణ కేంద్రంలో ముందుగా అడగండి. 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట సాధన చేసింది ఈ బండ మీదే.