ఉద్యోగం మానేసి పోకర్ టోర్నమెంట్లే ఆడదామనుకుంటున్నారా? ముందు ఈ లెక్క వేయండి

బెంగళూరులో మన తెలుగువాళ్ళుండే ఏ పీజీకి వెళ్ళినా పోకర్ పిచ్చి ఉన్నవాడు ఒకడైనా తగులుతాడు. ఓ మంచి వీకెండ్ పడగానే "రిజైన్ చేసి ఇదే ఆడుకుంటే పోలా" అంటాడు. ఆడుకోవచ్చు, కాకపోతే రాజీనామా మెయిల్ కంటే ముందు ఎక్సెల్ షీట్ తెరవాలి.

అసలు ఎక్కడ ఆడతారో తేల్చుకోండి. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చాక మన దేశపు పోకర్ సైట్లు డబ్బు ఆటలు ఆపేశాయి, స్కిల్ గేమ్ అన్న వాదన కూడా అక్కడ పనికిరాదు. వీపీఎన్ పెట్టుకుని దొంగచాటుగా ఆడేదాన్ని కెరీర్ అనరు. ఇక మిగిలింది లైవ్, అంటే ఎదురెదురుగా కూర్చుని ఆడేది, ముఖ్యంగా గోవాలోని పణజిలో మాండోవి నది మీద ఉండే క్యాసినోల్లో జరిగే సిరీస్‌లు, డబ్బుంటే విదేశాలు.

ఇప్పుడు లెక్క. బై-ఇన్ (టోర్నమెంట్ ఎంట్రీ ఫీజు) 30 వేలు అనుకుందాం, ఏడాదికి 60 టోర్నమెంట్లు. పెట్టుబడి 18 లక్షలు. మీరు బాగా ఆడతారు, పెట్టినదాని మీద 25 శాతం లాభం తీస్తారు, కాబట్టి ప్రైజుల రూపంలో 22.5 లక్షలు వస్తాయి. బాగానే ఉంది కదా? కానీ మన దగ్గర ఇలాంటి గెలుపు మీద 30 శాతం పన్ను, పైన సెస్సు, ఓడిపోయిన బై-ఇన్‌లను అందులోంచి తగ్గించుకునే వీలు లేదు, విమానం, హోటల్ ఖర్చులూ అంతే. దాదాపు 7 లక్షలు పన్నుకే పోతే చేతికొచ్చేది పదిహేనున్నర. పెట్టింది 18. ఏడాదంతా గెలిచి కూడా రెండున్నర లక్షలు చేతి చమురు వదిలిందన్నమాట, అదీ గోవా బస్సు టికెట్ కలపకుండానే! ఈ షీట్ కొట్టుకుపోకుండా నిలబడాలంటే లాభం 45 శాతం దాటాలి. నా మాట మీద ఆగకండి, మీ అంకెలు పట్టుకుని ఓ సీఏ దగ్గర గంట కూర్చోండి.

అప్పుడప్పుడూ ఎవరో ఒకరు సంతోష్ సువర్ణ పేరెత్తుతారు. 2024లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ఆ బెంగళూరు ఆయన 54 లక్షల డాలర్లు గెలిచిన మాట నిజమే. ఆ ఈవెంట్ ఎంట్రీ రెండున్నర లక్షల డాలర్లు, అది చూసి మన జీతం లెక్కలు వేసుకోకూడదు.

బ్యాంక్‌రోల్ (ఆటకని విడిగా పెట్టుకునే డబ్బు) విషయానికొస్తే, సాధారణంగా నూటికి పన్నెండు, పదిహేను మందికే ప్రైజు దక్కుతుంది, అందులోనూ అసలు డబ్బంతా మొదటి మూడు స్థానాల దగ్గరే ఉంటుంది. అంటే నెలల తరబడి ఉత్త చేతులతో రావడం మామూలే. కనీసం వంద బై-ఇన్‌లు ఉంచుకోండి. ఇంటి అద్దె, ఈఎంఐ, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపే డబ్బు ఏడాదికి సరిపడా వేరే ఖాతాలో ఉండాలి, టిల్ట్‌లో (ఓడిన కోపంలో అడ్డదిడ్డంగా ఆడే స్థితిలో) ఉన్నప్పుడు ఆ ఖాతా కంటికి కూడా కనపడకూడదు.

చదువు సంగతి. ఏ కార్డులతో ఆడాలో చెప్పే చార్టులు బట్టీ పట్టడం చాలామంది చేస్తారు, తేడా వచ్చేది ఐసీఎం దగ్గర, అంటే మీ చిప్స్‌కి ప్రైజుల్లో ఎంత విలువో లెక్కగట్టే పద్ధతి దగ్గర. ఉదాహరణకి శాటిలైట్‌లో (పెద్ద టోర్నమెంట్ టికెట్టే ప్రైజుగా ఇచ్చే చిన్న టోర్నమెంట్‌లో) పది టికెట్లు, పదకొండు మంది మిగిలారు. ఒకడి దగ్గర ఒక్క బిగ్ బ్లైండే (వంతు వచ్చినప్పుడు కార్డులు చూడకముందే పెట్టాల్సిన పందెం) ఉంది, తర్వాతి పంపకానికి వాడి పని దాదాపు అయిపోయినట్టే. మీ స్టాక్ (మీ దగ్గరున్న చిప్స్) మధ్యస్థం. ఇంతలో మీకంటే ఎక్కువ చిప్స్ ఉన్నవాడు ఆల్-ఇన్ అన్నాడు, అంటే ఉన్నదంతా పందెం పెట్టేశాడు, మీ చేతిలో ఏస్-కింగ్. ఫోల్డ్ చేయాలి (కార్డులు పడేసి తప్పుకోవాలి), ఏస్‌ల జత వచ్చినా చాలాసార్లు ఫోల్డే సరైనది, ఎందుకంటే మొదటివాడికీ పదోవాడికీ అదే టికెట్. ఇది వినగానే "అబ్బే, ఏస్‌లు ఎలా పడేస్తాం" అనిపిస్తే ఇంకో ఏడాది ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాలు ఆడండి.

స్నేహితుల డబ్బుతో ఆడదామనుకుంటే మీ ప్రైజులో వాటాలు అమ్మండి, కానీ కార్డులు పంచకముందే వాట్సాప్‌లో రాసి పెట్టుకోండి: ఎవరిది ఎంత శాతం, రీ-ఎంట్రీ (ఓడాక మళ్ళీ బై-ఇన్ కట్టి దిగడం) అయితే ఎవరు పెట్టాలి, మార్కప్ (వాటాకి అసలు ధర మీద అదనంగా తీసుకునేది) ఎంత. పన్ను కోత మీ పాన్ మీదే పడుతుంది కాబట్టి పంపకం పన్ను పోయాకే అని కూడా అందులోనే రాయండి.