హోటల్ హాల్లో బుర్రకథ, దాని వెనకే కామెడీ: మైకు కట్టే పద్ధతి

భీమవరంలోనో కాకినాడలోనో బార్ అండ్ రెస్టారెంటు మేడమీద హాల్లో పాటలు, కామెడీ పెడదామనుకుంటే స్పీకరు బాక్సుల కన్నా ముందు హాలు చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో నిలబడి ఒక్క చప్పట గట్టిగా కొట్టండి. టైల్స్ నేల, అద్దాల గోడలైతే ఆ మోత వెంటనే తెగదు. వేదికకు ఎదురు గోడ మీద మందపాటి కర్టెను మడతలు పడేలా వదులుగా వేలాడదీయండి. బిర్రుగా లాగి కడితే అంత పని చెయ్యదు. పాటకు కాస్త మోత అందమే. జోకుకు మాత్రం ప్రాణాంతకం: చివరి మాట వినపడకపోతే నవ్వేదెవరు?

బాక్సులు మైకుల వరసకు ముందు, జనం తలల కన్నా ఎత్తులో ఉండాలి. మైకుల వెనక పెడితే బాక్సు శబ్దం మళ్లీ మైకులో దూరి 'కుయ్' మని కూత ఖాయం. కూస్తే మొత్తం తగ్గించేయకుండా, ఎవరూ వాడని మైకులు ముందు మూసేయండి.

బుర్రకథకు మూడు మైకులు చాలు: కథకుడికొకటి, అటూ ఇటూ నిలబడి వంత పాడే ఇద్దరికి (వీళ్లనే వంతలంటారు) చెరొకటి. వంతలు వాయించే డక్కీలనే చిన్న వాద్యాలకు విడిగా అక్కర్లేదు, వంతల గొంతు మైకుల్లోకి అవే దూరతాయి. అందుకే ఆ మైకులకు మిక్సర్‌లో 100 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేయాలి. లేకపోతే మాట మీద గుమగుమ. కథకుడు అడుగేస్తూ వెనక్కి వెళ్తాడు. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. నిలబడాల్సిన చోట నేల మీద టేపు అంటించండి.

వంతల్లో ఒకరు హాస్యం చెప్తారు, ఒకరు రాజకీయం. ఎక్కువమంది తప్పు చేసేది హాస్యపు వంత దగ్గరే. ఆయన చమత్కారం జనం వైపు చూసి అనడు, కథకుడి వైపు తిరిగి అంటాడు. మైకు ఎదురుగా పెడితే సగం జోకు పక్కకు పోతుంది. స్టాండును కథకుడి వైపు జరిపి, మైకు మూతిని వంత నోటికి తిప్పండి. రాజకీయం చెప్పే వంతకు ఈ తంటా తక్కువ.

సన్నగా 'మ్‌మ్' అని మోగితే మిక్సరు, యాంప్లిఫయరు వేర్వేరు సాకెట్లలో ఉన్నాయేమో చూడండి, రెండూ ఒకే బోర్డు నుంచి తీయండి. బార్ ఫ్రిజ్ ఉన్న బోర్డు వద్దు. ఎర్త్ పిన్ను విరిచి మోత ఆపే మహానుభావులున్నారు, అది షాక్ కొట్టే పని. స్విచ్ వేసేటప్పుడు మిక్సరు ముందు, యాంప్లిఫయరు చివర, ఆపేటప్పుడు తిరగేసి. అలా చేయకపోతే 'ఢబ్' మని బాక్సు పోవచ్చు.

మైకు పెట్టడానికి రాతపూర్వక అనుమతి కావాలి. డాబా మీదైతే రాత్రి 10కి కట్టేయాల్సిందే.

సముద్రపు గాలికి వైర్ల పిన్నులు మసకబారి గరగరమంటాయి. మైకులు తడి గుడ్డలో చుట్టకండి, నురుగు తొడుగులు తీసి ఆరబెట్టాకే పెట్టెలో పెట్టండి.