ర్యాక్ వంగిందా, ఊగుతోందా? ప్యాలెట్ ర్యాకింగ్ సమస్యలు, అసలు కారణాలు, పరిష్కారాలు

నెలకి ఇద్దరు ముగ్గురైనా గోడౌన్ నుంచి ఫోటో పెట్టి "అన్నా ఇది పర్లేదా, ఇంకొన్నాళ్లు నడుస్తుందా" అని అడుగుతుంటారు. ఫోటోలో పిల్లర్‌కి సొట్టో, మధ్యలో దిగిపోయిన బీమో ఉంటుంది. మేడ్చల్, శంషాబాద్ వైపు గోడౌన్లలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ఎక్కువగా వచ్చే ఇబ్బందులన్నీ ఒకచోట రాస్తున్నా. పేర్లు ముందే చెప్పేస్తా. నిలువుగా ఉండే రెండు పిల్లర్లూ వాటి మధ్య అడ్డంగా ఏటవాలుగా వేసే బ్రేసింగూ కలిపితే ఒక ఫ్రేమ్, రెండు ఫ్రేములకి తగిలించే అడ్డ కడ్డీలు బీములు, రెండు ఫ్రేముల మధ్య ఉండే జాగా ఒక బే, ఒక జత బీముల మీద సరుకు పెట్టే అంతస్తు ఒక లెవెల్. సరుకు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే చెక్క బల్ల ప్యాలెట్.

ఏది చూడాలన్నా అనుమానం ఉన్న బే కిందకి మాత్రం వెళ్లొద్దు, దూరం నుంచే చూసి ముందు ఆ ఐల్‌లో (ర్యాక్ వరసల మధ్య దారిలో) ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు ఆపించండి. 2016 మేలో ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్‌లోని ఒక గోడౌన్‌లో చీజ్ నింపిన ర్యాకులు కూలి ఒక ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ గంటల తరబడి వాటి కింద ఇరుక్కుపోయాడు, అదృష్టం బాగుండి ప్రాణాలతో బయటికి తీశారు. ర్యాక్ ఒక్క బేతో ఆగదు, ఒకటి పడితే పక్కదాన్ని లాగుతుంది.

బీమ్ మధ్యలో కిందికి దిగింది

లోడు పెట్టినప్పుడు బీమ్ కొంచెం వంగడం మామూలే, స్టీలు అన్నాక వంగుతుంది. ఎంత వరకు అనేదే లెక్క. బీమ్ పొడవుని 200తో భాగించండి, 2700 మి.మీ బీమ్‌కి 13.5 మి.మీ వస్తుంది, 2300 బీమ్‌కి 11.5. కొలవడం కూడా పెద్ద కష్టం కాదు, తాపీ మేస్త్రి వాడే దారం తీసుకుని బీమ్ అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి బిగించి కట్టి మధ్యలో ఎంత తేడా ఉందో స్కేలుతో చూడండి (కింది లెవెల్ బీమ్ అయితే వంగి కొలవచ్చు, పైవాటికి సరుకు దింపించాకే ఎక్కండి). లోడు మొత్తం దింపాక బీమ్ మళ్లీ తిన్నగా అయిపోవాలి. దింపినా వంపు అలాగే ఉందంటే దాని పని అయిపోయినట్టే, మార్చేయండి, తిరగేసి తగిలించడం లాంటివి వద్దు.

ఇక కారణం. నూటికి తొంభై మంది "మేం బోర్డులో రాసినంతే పెడుతున్నాం" అంటారు, నిజంగానే అలా అనుకుంటారు కూడా. బోర్డు అంటే ర్యాక్ ఎంత బరువు మోయగలదో రాసి తగిలించేది. ఒక బియ్యం గోడౌన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. లెవెల్‌కి 2 ప్యాలెట్లు, లెవెల్‌కి 2000 కిలోలు అని బోర్డు ఉంది, 25 కిలోల బస్తాలు ప్యాలెట్‌కి 40 అంటే 1000 కిలోలు, లెక్క సరిపోయిందనుకున్నారు. 2022 జూలైలో 25 కిలోలూ అంతకంటే తక్కువ ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ వచ్చాక మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు రావడం మొదలైంది కదా, హమాలీలు అలవాటు ప్రకారం అవే 40 బస్తాలు పేర్చారు, అంటే 1040, దానికి చెక్క ప్యాలెట్ బరువు ఇంకో 20, 25 కిలోలు, రెండు ప్యాలెట్లకి చూస్తే లెవెల్ మీద 2100 దాటిపోయింది. ఎవరూ తప్పు చేయలేదు, బస్తా మారిందని ర్యాక్ గురించి ఆలోచించాలని ఎవరికీ తట్టలేదంతే. బోర్డులో రాసే బరువులో ప్యాలెట్ బరువు కూడా కలిసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. పరిష్కారం ఏంటంటే, సరుకు మారినప్పుడల్లా ఒక నిండు ప్యాలెట్‌ని కాటా మీద పెట్టి తూయండి, ఇన్వాయిస్‌లో రాసిన బరువు నమ్మొద్దు. ఎక్కువ వస్తే బస్తాలు తగ్గించండి, 26 కిలోలవి 37 పెడితే 962, ప్యాలెట్‌తో కలిపినా 1000 లోపే.

ఇంకో మాట, బోర్డులో రాసేది లోడు బీమ్ పొడవంతా సమంగా పరిచినప్పటి లెక్క. మోటారో, ఇనప అచ్చో (డై), ఏదో ఒక చిన్న బరువైన వస్తువు సరిగ్గా బీమ్ మధ్యలో పెడితే ఆ 2000 కిలోల హామీ వర్తించదు.

పిల్లర్‌కి సొట్ట పడింది

ఎక్కువ ఫోటోలు దీనివే. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేటప్పుడు వెనక భాగం తగులుతుంది, లేదా ఫోర్కులు (ప్యాలెట్‌ని ఎత్తే ముందు కడ్డీలు) దించకుండానే ముందుకి వస్తారు. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా చూడండి, దెబ్బలు ఎక్కువ అక్కడే ఉంటాయి.

కొలవడానికి తిన్నగా ఉండే 1 మీటర్ అల్యూమినియం బద్ద కావాలి. సొట్ట లోపలికి పోయిన వైపు, సొట్ట మధ్యకి వచ్చేలా బద్ద ఆనించి పట్టుకుని మధ్యలో ఎంత సందు వచ్చిందో చూడండి. యూరప్‌లో ర్యాకుల వాడకానికి ఈఎన్ 15635 అనే స్టాండర్డ్ ఉంది, మన దగ్గర పెద్ద గోడౌన్లలో ఆడిట్‌కి వచ్చేవాళ్లు కూడా దాని ప్రకారమే చూస్తుంటారు. పిల్లర్ ముందు నుంచి వెనక్కి, అంటే బ్రేసింగ్ ఉన్న దిక్కులో వంగితే 3 మి.మీ వరకు ఓకే. వరస పొడవున, అంటే బీముల దిక్కులో వంగితే 5 మి.మీ. బ్రేసింగ్ కడ్డీ అయితే 10 మి.మీ. ఆ లోపు ఉంటే ఆకుపచ్చ, రాసుకుని కన్నేసి ఉంచండి. దాటింది కానీ రెట్టింపు కాలేదంటే ఆరెంజ్, ఉన్న సరుకు ఒకసారి దించాక బాగుచేసేదాకా మళ్లీ ఎక్కించకూడదు, నాలుగు వారాల్లో బాగుచేయకపోతే దాన్ని ఎరుపు కిందే చూడాలి. రెట్టింపు దాటితే ఎరుపు, వెంటనే ఖాళీ చేయాలి. రేకు చిరిగినా, మడత పడినా ఈ కొలతలతో పనిలేదు, అది మార్చాల్సిందే.

ఖాళీ చేయడం అంటే చాలామంది సొట్ట ఉన్న వైపు బే ఒక్కటే ఖాళీ చేస్తారు. అలా కాదండి, మధ్యలో ఉన్న ఫ్రేమ్ రెండు పక్కల బేలనీ మోస్తుంది, కాబట్టి అటూ ఇటూ రెండు బేలూ, పై లెవెల్ నుంచి కిందకి వరసగా దించాలి.

వెల్డర్‌ని పిలిపించి వేడి చేసి సుత్తితో తిన్నగా కొట్టించి రంగు వేయించేస్తారు, చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది, నాకు అన్నిటికంటే భయం వేసేది అదే. ఈ పిల్లర్లు పల్చటి రేకుని మడిచి చేసినవి, బలమంతా ఆ మడతల ఆకారంలోనే ఉంటుంది. ఒకసారి వంగి మళ్లీ తిన్నగా అయిన చోట ఆ బలం తిరిగి రాదు, వేడి తగిలితే స్టీలు గుణం కూడా మారుతుంది. ఫ్రేమ్ మార్చండి, లేదా తయారీ కంపెనీ ఒప్పుకున్న రిపేర్ కిట్ ఉంటే అది వేయించండి.

ఇక్కడ మనుషుల సంగతి కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట మూడో ఐల్‌లో నీలం పిల్లర్ మీద పసుపు రంగు గీత, పక్కనే నేల మీద రాలిన రంగు పెచ్చులు కనిపించాయి, మా ఫోర్క్‌లిఫ్టులే పసుపువి. తగిలి నాలుగు రోజులైంది, డ్రైవర్ చెప్పలేదు, జీతంలో కోస్తారని భయం. ఆ నాలుగు రోజులూ దాని పైన 6 టన్నులు ఉంది. ఆ తర్వాత మేనేజర్‌తో కూర్చుని ఒకటే అడిగాం, తగిలిందని వచ్చి చెప్పినవాళ్లకి కోత ఉండదని అందరి ముందూ చెప్పమని. చెప్పాక మొదటి నెలలోనే మాకు తెలియని దెబ్బలు ఐదు బయటపడ్డాయి. పిల్లర్ గార్డులు (బండి దెబ్బ పిల్లర్‌కి తగలకుండా అడ్డు పెట్టేవి) తప్పకుండా పెట్టించండి, కానీ గార్డు కంటే ముందు ఈ మాట చెప్పించండి.

లోడు మారలేదు, అయినా ర్యాక్ ఊగుతోంది

అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ మధ్య ఎవరైనా బీమ్ ఎత్తు మార్చారా? కొత్త సరుకు పొడుగ్గా వచ్చిందని మొదటి లెవెల్ బీమ్ పైకి జరుపుతారు, లేదా ఒక లెవెల్ తీసేస్తారు. లోడు పెరగలేదు కదా, ఇంకా తగ్గింది కదా అనుకుంటారు.

ఒక వెదురు బద్ద తీసుకోండి. జానెడు ముక్కని నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కితే కదలదు, అదే బద్ద రెండు మూర్లు ఉంటే కొంచెం నొక్కగానే పక్కకి విల్లులా వంగుతుంది. పిల్లర్ కూడా అంతే, నేలకీ మొదటి బీమ్‌కీ మధ్య పట్టు లేని పొడవు ఎంత పెరిగితే అంత తొందరగా పక్కకి వంగుతుంది. సూత్రం ప్రకారం చూస్తే ఆ పొడవు రెట్టింపైతే మోసే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. అసలు ర్యాక్‌లో లెక్క ఇంకొంచెం వేరుగా ఉంటుంది కానీ దిక్కు మాత్రం ఇదే. అంటే బోర్డు మీద రాసిన ఫ్రేమ్ కెపాసిటీ ఆ బోర్డులో చూపించిన బీమ్ ఎత్తులకి మాత్రమే, బీమ్ జరిపిన క్షణం నుంచి ఆ బోర్డు ఇంకో ర్యాక్‌ది అనుకోండి. పాత ఎత్తుకి తెచ్చేయండి, లేదా కొత్త ఎత్తులు పంపి కంపెనీ దగ్గర కొత్త లెక్క రాయించుకుని కొత్త బోర్డు పెట్టించి అప్పుడు లోడు ఎక్కించండి.

బీములు ఎవరూ కదపలేదంటే తూకం గుండు వేలాడదీసి పిల్లర్ నిటారుగా ఉందో లేదో చూడండి. కొత్తగా బిగించిన ఖాళీ ర్యాక్‌కి ఎత్తుని 350తో భాగించినంత వరకు ఒప్పుకుంటారు, 6 మీటర్ల పిల్లర్‌కి సుమారు 17 మి.మీ. అంతకంటే ఎక్కువ ఒరిగితే బేస్ ప్లేట్ (పిల్లర్ అడుగున ఉండే ప్లేట్) కింద షిమ్ ప్లేట్లు జరిగిపోయాయా, నేలకి బిగించే యాంకర్ బోల్టులు వదులయ్యాయా, బ్రేసింగ్ బోల్టు ఊడిందా చూడాలి. షిమ్ అంటే ఎత్తు సరిచేయడానికి కింద పెట్టే స్టీలు ప్లేట్ అండి, చెక్క ముక్కో అట్టముక్కో కాదు.

బీమ్ ఒక చివర కొక్కెం పైకి లేచింది

లాక్ పిన్ లేదు, అంతే. ఫోర్కులు కింద నుంచి బీమ్‌కి తగిలి ఎత్తితే బీమ్ చివరి కొక్కెం పిల్లర్ రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది, దాన్ని ఆపేది ఆ చిన్న పిన్నే. పిన్ పోయిందని మేకు వంచి పెట్టడం, బైండింగ్ వైరు చుట్టడం నేను చాలా చూశాను. యూరప్ స్టాండర్డ్‌లో ఆ లాక్ 5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు అర టన్ను ఎత్తుడుకి నిలబడాలని ఉంది, వైరు ఎక్కడ నిలబడుతుంది? ఒరిజినల్ పిన్నులు ఒక డబ్బా ఎప్పుడూ స్టాకులో ఉంచుకోండి, చాలా చవక.

సెకండ్ హ్యాండ్ ర్యాక్ కొన్నవాళ్లకి ఇదే ఇబ్బంది ఇంకో రూపంలో వస్తుంది. ఒక కంపెనీ పిల్లర్‌లో రంధ్రాల మధ్య దూరం 50 మి.మీ ఉంటే ఇంకో కంపెనీది 75 ఉంటుంది, కొక్కేల ఆకారం వేరు, కొట్టి కొట్టి ఎక్కిస్తే ఎక్కినట్టే ఉంటుంది గానీ కొక్కెం పూర్తిగా కూర్చోదు. పిల్లర్ ఒకరిది, బీమ్ ఇంకొకరిది కలపొద్దు.

బేస్ ప్లేట్ దగ్గర నేల పగిలింది

నేల మీద పడే బరువు వేసి చూడండి. లెవెల్‌కి 2 టన్నులు, బీముల మీద 4 లెవెళ్లు, బేకి 8 టన్నులు. మధ్య ఫ్రేమ్‌కి అటు సగం ఇటు సగం కలిపి 8 టన్నులు, దానికి కాళ్లు రెండు, ఒక్కో కాలు కింద 4 టన్నులు, అదీ రెండు అరచేతులంత ప్లేట్ మీద. వీపుకి వీపు ఆనించి రెండు వరసలు వేస్తే పక్కపక్కనే రెండు కాళ్లు, 8 టన్నులు. పాత షెడ్డుని అద్దెకి తీసుకుని ఇల్లు కట్టినట్టు వేసిన పల్చటి నేల మీద ర్యాక్ నిలబెడితే పగలక ఏమవుతుంది. పగులు వచ్చాక సిమెంటు పూసి కప్పొద్దు, పై లెవెళ్లు ఖాళీ చేసి సివిల్ ఇంజనీర్‌కి ఈ కాలి లోడు అంకె ఇచ్చి స్లాబ్ మందం చూపించండి.

ప్యాలెట్ బీముల మధ్యలోకి జారుతోంది

ప్యాలెట్ అడ్డం తిప్పి పెట్టారు, లేదా అడుగు చెక్కలు విరిగాయి. మన దగ్గర ఎక్కువ వాడే ప్యాలెట్ 1200 × 1000 మి.మీ, 1200 వైపు లోతుకి పెడితే ఫ్రేమ్ లోతు 1100 ఉంటే ముందూ వెనకా 50 మి.మీ చొప్పున బయటికి వస్తుంది, అది కరెక్ట్. అదే ప్యాలెట్‌ని తిప్పి 1000 వైపు లోతుకి పెడితే బీముల మీద ఆనే చోటే ఉండదు. రెండు రకాలుగానూ పెట్టక తప్పదంటే ముందు బీమ్ నుంచి వెనక బీమ్‌కి ప్యాలెట్ సపోర్ట్ బార్లు వేయించండి.

రోజూ ఒకే చోట తగులుతోంది, లేదా సరుకు కనపడుతున్నా తీయలేకపోతున్నాం

ఈ రెండూ కొన్నప్పుడు చేసిన తప్పులు. మొదటిదానికి కారణం ఐల్ వెడల్పు. మామూలు కౌంటర్‌బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్ట్‌కి (వెనక బరువు ఉండేది) 3.5 నుంచి 4 మీటర్లు కావాలి, ఇరుకు దారిలో తిరిగే రీచ్ ట్రక్‌కి 2.7 నుంచి 3. ఒక వరస ఎక్కువ వస్తుందని ఐల్ 3 మీటర్లకి కుదించి పాత ఫోర్క్‌లిఫ్టే నడిపితే డ్రైవర్‌ని ఎంత తిట్టినా తగులుతూనే ఉంటుంది. బండి మార్చండి, లేదా ఒక వరస తీసేయండి, మధ్యే మార్గం లేదు.

రెండోది డ్రైవ్-ఇన్ ర్యాక్. అదే షెడ్డులో చాలా ఎక్కువ ప్యాలెట్లు పడతాయని చూసి కొంటారు. అందులో బండి లోపలికే వెళ్లి పెడుతుంది, చివర పెట్టిందే ముందు తీయాలి. ఒకే రకం సరుకు వందల ప్యాలెట్లు వచ్చి ఒకేసారి వెళ్లిపోయేవాళ్లకి బాగుంటుంది. వంద రకాల మందులో, గడువు తేదీ ఉన్న బిస్కెట్లో పెడితే పాత స్టాకు లోపలే ఉండి ఎక్స్‌పైరీ అయిపోతుంది. రకాలు ఎక్కువ, ప్రతిదీ ఎప్పుడైనా తీయాలి అంటే సెలెక్టివ్ ర్యాకే, ప్రతి ప్యాలెట్ చేతికందుతుంది. పాతది ముందు పోవాలి, పరిమాణం కూడా పెద్దదే అంటే గ్రావిటీ ఫ్లో, వెనక నుంచి పెడితే రోలర్ల మీద ముందుకి జారుతుంది, ఖర్చు ఎక్కువ. పుష్-బ్యాక్ (ముందు నుంచే ప్యాలెట్‌ని వెనక్కి నెట్టి పెట్టేది) కూడా చివర పెట్టింది ముందు తీసేదే, కాకపోతే బండి లోపలికి వెళ్లదు కాబట్టి పిల్లర్లకి దెబ్బలు తక్కువ.

కొటేషన్ అడిగేటప్పుడు "ఎన్ని ప్యాలెట్లు పడతాయి" అని కాకుండా నాలుగు కాగితం మీద రాసి ఇవ్వండి: కాటా మీద తూచిన మీ అత్యంత బరువైన ప్యాలెట్, సరుకు బయటికి పొంగిన వెడల్పుతో సహా దాని కొలతలు, మీ బండి మోడల్, నేల మందం. తిరిగి వచ్చే డ్రాయింగ్‌లో మొదటి బీమ్ ఎత్తు, లెవెల్ కెపాసిటీ, ఫ్రేమ్ కెపాసిటీ, కాలి లోడు నాలుగూ అంకెల్లో లేకపోతే అడ్వాన్స్ కట్టొద్దు.