చాట్ డెస్కు నిర్వహణ, 7వ పాఠం: మనిషి వెళ్లిపోయినా పచ్చచుక్క ఆరకపోతే

చాట్‌లకు జవాబిచ్చే ఏజెంటు లాగౌట్ చేయకుండా వెళ్లిపోతే, అతను అందుబాటులో ఉన్నాడని చూపే పచ్చచుక్క జాబితాలో వెలుగుతూనే ఉంటుంది, కొత్త చాట్‌లు అతనికే పోతుంటాయి. ఈ వారం క్యూ లెక్కలు చెప్పాల్సింది. వాటిని వచ్చే పాఠానికి జరుపుతున్నాను, ఎందుకంటే గత పాఠం చదివి మీలో చాలామంది ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే లాగౌట్ అని నియమం పెట్టేశారు. గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల చాట్ చూసే అమ్మాయి, డాక్టరు గారు సాయంత్రం ఉంటారో లేదో కనుక్కోవడానికి ఓపీ కౌంటరుకు ఫోను చేసిందట. వాళ్లు కనుక్కుని చెప్పేలోపే ఆమె బయటికి నెట్టబడింది, అవతల రోగి ఎదురుచూస్తూ ఉండిపోయాడు. పని చేసే మనిషి చేతిలో మౌసే ఉండాలని ఏముంది?

షిఫ్టు చివర లాగౌట్ చేయమని గోడకు కాగితం అంటించే సంగతి మీకు తెలిసిందే, దాన్ని వదిలేస్తాను.

ఏజెంటు తెర తెరిచి ఉన్నంతసేపు బ్రౌజర్ సర్వరుకు ‘ఉన్నాను’ అని చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్ మూత వేస్తే ఆ సంకేతం ఆగుతుంది కానీ, ‘వెళ్తున్నాను’ అనే కబురు చాలాసార్లు వెళ్లదు. ఇక ఎంతసేపు వేచి చూడాలో సర్వరే తేల్చుకోవాలి. ఆ పనిని కేవలం టీసీపీ కీప్‌అలైవ్‌కు, అంటే కనెక్షన్ బతికుందో లేదో ఆపరేటింగ్ సిస్టమే చూసుకునే ఏర్పాటుకు వదిలేస్తే, లినక్స్‌లో మామూలుగా అది మొదటిసారి తనిఖీ చేసేదే 7200 సెకన్ల తర్వాత, అంటే రెండు గంటలకు. విజయవాడలో మూత వేసి ప్యాసింజర్ రైలుకు పరుగెత్తిన మనిషి గుంటూరు చేరి అన్నం తింటున్నా, మన జాబితాలో మాత్రం ‘అందుబాటులో’ ఉంటాడు.

అలాగని గడువును 45 సెకన్లకు కుదించవద్దు. 2021లో వచ్చిన 88వ వెర్షన్ నుంచి క్రోమ్, ఐదు నిమిషాలకు మించి వెనక ఉండిపోయిన ట్యాబ్‌లలో టైమర్లను చాలావరకు నిమిషానికి ఒక్కసారే లేపుతుంది. ఏజెంటు పక్క ట్యాబ్‌లో బిల్లు వెతుకుతున్నా సర్వరు అతన్ని వెళ్లిపోయినట్టే లెక్కిస్తుంది. నేనైతే మూడు నిమిషాలు పెడతాను.

సంకేతం వస్తూనే ఉండి, మనిషి మాత్రం టీ తాగడానికి వెళ్లాడనుకోండి. దాన్ని పట్టేది ఎత్తని చాట్ ఒక్కటే. కొత్త చాట్‌ను 40 సెకన్లలో తీసుకోకపోతే అది పక్కవారికి పోవాలి. వరుసగా రెండు పోతే అతని స్థితి దానంతట అదే ‘విరామం’గా మారాలి. ఈ నియమం ఉంటే మౌస్ గొడవ మనకు అక్కర్లేదు.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే సంగతి. మరిచిపోయిన వ్యక్తి పేరు కనబడగానే సూపర్‌వైజర్లు ‘బలవంతపు లాగౌట్’ నొక్కుతారు. నొక్కవద్దు. ముందు స్థితిని ‘విరామం’ చేయండి, కొత్త చాట్‌లు ఆగుతాయి. తర్వాత అతని పేరు మీద తెరిచి ఉన్న చాట్‌లను ఒక్కొక్కటిగా, ఒక వాక్యం వివరం రాసి, ఇంకొకరికి బదిలీ చేయండి. లాగౌట్ ఆఖరున. చాలా సేవల్లో మనిషిని తీసేసినా అతని చాట్‌లు అతని పేరు మీదే ఉండిపోతాయి. బీసెంట్ రోడ్డు బట్టల దుకాణంలో కొన్న చీర మార్చుకోవాలని బిల్లు నంబరు పంపినావిడ, ‘ఉన్నారా?’ అని మళ్లీ మళ్లీ రాస్తూనే ఉంటుంది. ఆ మాటలు క్యూలోకి రావు, ఇంకెవరి తెర మీదా మోగవు, మర్నాడు ఆ ఏజెంటు వచ్చి చూసేదాకా అక్కడే పడి ఉంటాయి. జాబితాలో పచ్చచుక్క ఆరిపోయింది కాబట్టి అంతా సర్దుకున్నట్టు మీకు కనిపిస్తుంది. స్థితి, బదిలీ, లాగౌట్: క్రమం తప్పవద్దు.

కంప్యూటర్‌లో లాగౌట్ చేసినా ఫోనులోని యాప్ అతన్ని అందుబాటులోనే చూపవచ్చు. ‘అన్ని పరికరాల నుంచి’ అన్న ఎంపిక ఉంటే అదే వాడండి.

అభ్యాసం పెద్దదే. డెస్కు మూసిన తర్వాత పరీక్ష ఖాతాతో లాగిన్ కండి. ఒకసారి ట్యాబ్ మూసి, ఒకసారి మూత వేసి, ఒకసారి రౌటర్ ప్లగ్ తీసి, ఒకసారి ఏమీ ముట్టుకోకుండా లేచి వెళ్లండి. ప్రతిసారీ ఇంకో ఫోను నుంచి వినియోగదారుడిలా సందేశం పంపి, అది ఎవరి దగ్గరికి చేరిందో, చుక్క ఎన్ని నిమిషాలకు ఆరిందో రాసుకోండి. అంతా ఫోను యాప్‌తోనూ మళ్లీ చేయండి. అక్కడ మూతకు బదులు తెర ఆర్పాలి, రౌటర్‌కు బదులు మొబైల్ డేటా ఆపాలి. రౌటర్ ప్రయోగాన్ని ఎగ్గొట్టవద్దు. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు.