ఫాస్ఫేట్ బఫర్ 6.8కి రావట్లేదా? యాసిడ్ వేసే ముందు సాల్ట్ సీసా చూడండి

సమస్య: ఇండియన్ ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల పుస్తకం) ఉన్నట్టే డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 28.80 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 11.45 గ్రాములు తూచి నీటితో లీటరు బఫర్ (పీహెచ్ మారకుండా నిలబెట్టే ద్రావణం) చేశారు. పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 6.8 రావాలి. మీటరేమో 7.1 దాటి చూపిస్తోంది, లేదా 6.9 దగ్గర ఆగిపోయింది.

తర్వాత ఏం జరుగుతుందో చాలా ల్యాబుల్లో చూశాను. ఆర్థోఫాస్ఫారిక్ యాసిడ్ తెచ్చి చుక్కచుక్కగా వేస్తారు, 6.8 రాగానే "పీహెచ్ అడ్జస్ట్ చేశాం" అని రికార్డులో రాసేస్తారు. దయచేసి అలా చేయకండి. తూకం ప్రకారం రావాల్సిన పీహెచ్ రాలేదంటే, తూచిన పదార్థంలోనో మీటరులోనో తేడా ఉందన్నమాట. యాసిడ్ పోస్తే ఆ తేడా కనపడకుండా పోతుందే తప్ప, పోదు.

ముందు మీటరు సంగతి. 6.86 స్టాండర్డ్ బఫర్‌లో ఎలక్ట్రోడ్ పెట్టండి. రీడింగ్ నిలబడకుండా అటూ ఇటూ జారుతుంటే ఎలక్ట్రోడ్ పాడైనట్టే. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఉంచే అలవాటు మాని, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో పెట్టండి. వరంగల్, కరీంనగర్ వైపు ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ల్యాబ్ అయితే టెంపరేచర్ కూడా చూసుకోవాలి. మీటరు సరిచూసే స్టాండర్డ్ బఫర్లకు 6.86, 9.18 అనేవి 25 డిగ్రీల దగ్గరి విలువలు. 40 డిగ్రీల దగ్గర అవే బఫర్లు 6.84, 9.07 అవుతాయి. పాత నాబ్ మీటర్లలో ఆ విలువను మనమే పెట్టాలి. మీటరు బాగానే ఉందని తేలితే ఇక దాన్ని వదిలేయండి.

రెండోది అందరూ దాటేసే చెక్: సీసా మీద మాలిక్యులర్ వెయిట్ చదవడం. 28.80 గ్రాములన్నది 12 నీటి అణువులున్న డోడెకాహైడ్రేట్ లెక్క, దాని మాలిక్యులర్ వెయిట్ 358.14. మీ చేతిలో ఉన్న సీసా మీద 141.96 అని ఉంటే అది అన్‌హైడ్రస్ (నీరు లేని రూపం). అదే తూకం వేస్తే డైసోడియం ఫాస్ఫేట్ రెండున్నర రెట్లు పడుతుంది, పీహెచ్ 7.1, 7.2 దాకా పోతుంది. 177.99 అని ఉంటే డైహైడ్రేట్ (రెండు నీటి అణువులు), పీహెచ్‌లో 0.3 వరకు తేడా. పొటాషియం సాల్ట్‌లో స్ఫటిక జలమే (స్ఫటికంలో ఇమిడి ఉండే నీరు) లేదు కాబట్టి దాన్ని అనుమానించక్కర్లేదు. ఏ రూపం ఉన్నా పరవాలేదు, తూకం మార్చుకుంటే చాలు: అన్‌హైడ్రస్ అయితే 11.42 గ్రాములు, డైహైడ్రేట్ అయితే 14.31 గ్రాములు.

లేబుల్ మీద 358.14 అనే ఉంది, మీటరూ సరిగ్గానే ఉంది, అయినా 6.9 వస్తోందా? మనుషుల్ని రోజుల తరబడి తిప్పలు పెట్టే కారణం ఇదే. లేబుల్ మీద ఉన్నది కంపెనీ నింపిన రోజు సంగతి. డోడెకాహైడ్రేట్ పొడి గాలిలో తన నీటిని తానే వదిలేస్తుంది. సుమారు 35 డిగ్రీల దగ్గర తన స్ఫటిక జలంలోనే కరగడం మొదలుపెడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం స్లాబు కింద స్టోర్ రూమ్ ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. మూత సగం బిగించిన సీసాలో, నెల తిరిగేసరికి ఉన్నది లేబుల్ మీద రాసిన సాల్ట్ కాదు.

సీసాను వెలుతురులో పెట్టి చూడండి. తాజా స్ఫటికాలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. నీరు పోయినవి తెల్లగా, మసకగా అయిపోతాయి, స్పాచులాతో గీస్తే పైపొర పౌడరులా రాలుతుంది. పైన పొడిగా ఉండి అడుగున గడ్డ కట్టి ఉంటే ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం. ఇంకో గుర్తు: అదే సీసా, అదే తూకం, కానీ పైనుంచి తీసిన రోజు ఒక పీహెచ్, అడుగునుంచి తీసిన రోజు ఇంకో పీహెచ్. అలా కనిపిస్తే సీసా కథ తేలిపోయినట్టే. ఏడు నీటి అణువులే మిగిలిన స్థితికి (హెప్టాహైడ్రేట్) వస్తే పీహెచ్ సుమారు 0.12 పెరుగుతుంది. 6.8 బదులు 6.9 ఎందుకు వస్తోందో ఇప్పుడు తెలిసిందిగా.

నిర్ధారణకు లాస్ ఆన్ డ్రయింగ్ (ఆరబెడితే బరువు ఎంత తగ్గుతుందో చూసే పరీక్ష) చేయండి. రెండు గ్రాములు తూచి, వెయింగ్ బాటిల్‌లో పలచగా పరిచి, 40 డిగ్రీల దగ్గర 3 గంటలు, ఆ తర్వాత 105 దగ్గర 5 గంటలు ఉంచండి. నేరుగా 105లో పెడితే కరిగి చిట్లుతుంది. బరువు దాదాపు 60 శాతం తగ్గితే సాల్ట్ మంచిదే. 47 దగ్గర ఆగితే హెప్టాహైడ్రేట్ అయిపోయింది. మధ్యలో ఎక్కడో ఉంటే రెండూ కలిసి ఉన్నాయి.

పరిష్కారం: ఆ సీసాను నమ్మి తూచడం మానేయండి. సాల్ట్‌ను ఇదే పద్ధతిలో పూర్తిగా ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) చల్లార్చి, లీటరుకు 11.42 గ్రాములు తూచండి. 250 డిగ్రీలు మాత్రం దాటనివ్వకండి, పైరోఫాస్ఫేట్ అయిపోతుంది. వానాకాలంలో ఇదే కథ తిరగబడుతుంది: ఆరిన సాల్ట్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, పీహెచ్ తక్కువగా వస్తుంది. డెసికేటర్‌లో సిలికా జెల్ నీలం రంగులో ఉందో లేదో చూస్తుండండి.

యాసిడ్‌తో దించితే నష్టమేంటని అడుగుతారు. కూరలో ఉప్పు ఎక్కువైందని చింతపులుసు పోస్తే ఉప్పు ఎక్కడికీ పోదు. అన్‌హైడ్రస్ సాల్ట్ 28.80 గ్రాములు వేసి ఫాస్ఫారిక్‌తో 6.8కి దించిన బఫర్‌లో మొత్తం ఫాస్ఫేట్ ఉండాల్సినదానికి రెట్టింపు. అసిటోనైట్రైల్ అనే ద్రావణి కలిపితే సాల్ట్ బయటపడి హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాల్ని వేరుచేసి కొలిచే యంత్రం) పంపులో ప్రెషర్ పెరుగుతుంది. డైక్లోఫెనాక్ సోడియం లాంటి మందుకు సోడియం ఎక్కువై కరిగే గుణమే తగ్గొచ్చు.

పోనీ, దించకుండా 7.2తోనే కానిచ్చేస్తే? మత్తుమందు లిడోకేయిన్ పీకేఏ (సగం అణువులు అయనీకరణం చెంది ఉండే పీహెచ్) 7.9. పీహెచ్ 6.8 దగ్గర అయనీకరణం చెందని భాగం 7.4 శాతం, 7.2 దగ్గర 16.6 శాతం. మందు బఫర్‌కూ ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రావణికీ మధ్య ఎలా పంచుకుంటుందో కొలిచే ప్రయోగంలో, ఆక్టనాల్‌లోకి పోయేది ప్రధానంగా ఈ భాగమే కాబట్టి డిస్ట్రిబ్యూషన్ విలువ (ఆ పంపకపు నిష్పత్తి) రెండింతలు దాటిపోతుంది. విద్యార్థి నెల రోజులు చేసిన ప్రాజెక్టు అంతా ఒక సీసా వల్ల తప్పు అవుతుంది.

నీటిలో కార్బన్ డయాక్సైడ్ కలిసిందా, గ్లాస్ ఎలక్ట్రోడ్‌కు ఆల్కలైన్ ఎర్రర్ (ఎక్కువ పీహెచ్ దగ్గర తప్పు చూపడం) ఉందా అని వెతకడం ఈ బఫర్‌కు వృథా. పీహెచ్ 9 దాటే బఫర్లు చేసేటప్పుడు చూసుకోవచ్చు. పాత బఫర్‌లో తెల్లటి తీగల్లాంటిది తేలుతుంటే అది బూజు, పారబోసి కొత్తది చేసుకోండి.